వెనకాల నిలబడ్డవాళ్ళ లెక్క

మా అక్క కూతురు మాధురి ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మా యింటికొచ్చింది. వాళ్ళింటికి చుట్టాలొచ్చారట, పని సాగడం లేదట. "పిన్నీ, నీ భోజనాల బల్ల రెండు గంటలు నాకు అద్దెకివ్వు" అంది. అద్దె కింద చిక్కుడుకాయలు వలిచి పెట్టమన్నాను. చివరికి కాయలు నేనే వలిచాననుకోండి, అది వేరే సంగతి.

దాని పనేమిటంటే ఏడో తరగతి పిల్లల ప్రోగ్రెస్ కార్డులు తయారు చెయ్యడం. క్లాసులో 40 మంది. వాళ్ళ స్కూల్లో కార్డు మీద మార్కులు వెయ్యరు, గ్రేడులే. 8 మందికి ఎ, 14 మందికి బి, 12 మందికి సి, 6 మందికి డి. ఈ యేడు యాజమాన్యం వారికి కొత్త ఆలోచన వచ్చింది. గ్రేడు పక్కన ప్రతి పిల్లకీ 'పర్సెంటైల్' కూడా వెయ్యాలన్నారు. తల్లిదండ్రులు అడుగుతున్నారట. మన తల్లిదండ్రులు అడగనిదేముంది గనక!

"నువ్వు కూర్చుని ఇవన్నీ చేత్తో లెక్కలు వేస్తావా?" అన్నాను.

"చేత్తో ఎందుకు పిన్నీ, ఇలాంటి లెక్కలన్నీ ముందే ఎవరో రాసి పెట్టారు. మనం పేరు పెట్టి పిలవడమే" అంది. పైథాన్ అనే కంప్యూటరు భాష వుందట. అందులో సైపై అనే ఒక పెద్ద లెక్కల భాండాగారం 2001 నుంచీ వుందట. ఎవరైనా వాడుకోవచ్చు, డబ్బివ్వక్కర్లేదు. మా అమ్మ కాలంలో పోపులపెట్టె ఎలాగో వీళ్ళకిది అలాగన్న మాట. చెయ్యి పెడితే కావలసింది దొరుకుతుంది.

మాధురి ఎ అంటే 4, బి అంటే 3, సి అంటే 2, డి అంటే 1 అని వేసుకుని ఒకే ఒక్క వరుస టైపు చేసింది. టక్కున అంకె వచ్చింది. మళ్ళీ ఏదో ఒక్క మాట మార్చింది. ఇంకో అంకె వచ్చింది. ఇంకో మాట. ఇంకో అంకె. కుర్చీలో వెనక్కి వాలి, "పిన్నీ, ఇటు చూడు" అంది.

చూశాను. బి గ్రేడు వచ్చిన పిల్లకి ఒకచోట 45, ఒకచోట 62.5, ఒకచోట 63.75, ఒకచోట 80 వున్నాయి.

"నలుగురు పిల్లలా?"

"ఒక్కతే పిల్ల. నాలుగు రకాల లెక్క."

వలుస్తున్న చిక్కుడుకాయ చేతిలోనే వుండిపోయింది. 45 అంటే ఆ యింట్లో ఆ రాత్రి భోజనాలు వుండవు. 80 అంటే మిఠాయి పొట్లం వస్తుంది. ఒక్క మాట తేడాతో!

నేను బి.ఏ. చదివినదాన్ని. లెక్కలంటే పదో తరగతితోనే చెయ్యి కడుక్కున్నాను. అయినా ఆ నాలుగు అంకెలు నన్ను నిద్ర పోనివ్వలేదు. అసలీ పర్సెంటైల్ ఎక్కణ్ణించి వచ్చింది? మన పిల్లల్ని ఇలా వరసలో నిలబెట్టాలని మొట్టమొదట ఎవరికి తోచింది? పుస్తకాలు తిరగేశాను. దొరికిన కథ మీకూ చెప్పకపోతే నాకు తోచదు.

ముందొక మాట. పర్సెంటు వేరు, పర్సెంటైల్ వేరు. మా వీధిలో ఒకావిడ తన కొడుక్కి 98 పర్సెంటైల్ వచ్చిందని స్వీట్లు పంచుతూ, "నూటికి 98 మార్కులండీ" అన్నారు. కాదు. మార్కులు పిల్లవాడు ఎంత రాశాడో చెబుతాయి. పర్సెంటైల్ ఆ సంగతి చెప్పనే చెప్పదు. వాడి వెనకాల నూటికి ఎంతమంది నిలబడ్డారో చెబుతుంది, అంతే. వీధి కుళాయి దగ్గర బిందెల వరస గుర్తు తెచ్చుకోండి. మీ బిందె వెనకాల ఎన్ని బిందెలున్నాయన్నదే పర్సెంటైల్. మీ బిందెలో నీళ్ళెన్ని వున్నాయన్న సంగతి దానికి అక్కర్లేదు.

ఇక కథ. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వుంది కదా. అక్కడ పూర్వం పరీక్షంటే నోటితో వాదించడమే, అదీ లాటిన్ భాషలో. గట్టిగా వాదించేవాణ్ణి రాంగ్లర్ అనేవారు. వాదులాడేవాడనే అర్థం. తరవాత తరవాత వాదాలు పోయి, కూర్చుని లెక్కలు రాసే పరీక్ష వచ్చింది. పేరు మాత్రం మిగిలిపోయింది. ఆ లెక్కల పరీక్షని ట్రైపాస్ అనేవారు. పద్దెనిమిదో శతాబ్దం నడిమి నుంచీ అందులో నెగ్గినవాళ్ళని వరసగా, ఒకటి రెండు మూడు అని పేర్లు పెట్టి ప్రకటించడం మొదలుపెట్టారు. మొదటివాడు సీనియర్ రాంగ్లర్. వాడి పేరు దేశమంతా పేపర్లలో వచ్చేది. మన వూళ్ళలో ఎంసెట్ ఫస్టు ర్యాంకు ఫోటోలు గోడలకెక్కినట్టే!

మరి చివరివాడి సంగతో? ఆనర్సులో అందరికంటే ఆఖరున వచ్చినవాడికి కూడా ఒక బహుమతి వుండేది. కొయ్య చెంచా. వాడు పట్టా పుచ్చుకోడానికి మోకరిల్లినప్పుడు, పైనున్న గ్యాలరీలోంచి తోటి విద్యార్థులు తాడు కట్టి ఆ చెంచాని వాడి ఎదట దింపేవారు. చెంచా అంటే మన పప్పుగరిటె అనుకునేరు. రానురాను అది మనిషంత పొడుగైంది, పడవ తెడ్డులా. అందరూ పకపకా నవ్వేవారు. చెంచా అందుకున్నవాడు కూడా నవ్వే వుంటాడు. నవ్వక ఏం చేస్తాడు?

ఆ కేంబ్రిడ్జికే 1840లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే కుర్రవాడు చదువుకోడానికి వెళ్ళాడు. చార్లెస్ డార్విన్‌కి చుట్టం. ఇద్దరికీ తాతగారు ఒకరే, ఎరాస్మస్ డార్విన్. చిన్నప్పుడు బాలమేధావి అనిపించుకున్నవాడు, లెక్కల్లో పెద్ద ఆనర్సు కొడతానని కలలు కన్నవాడు. మూడో యేట చదువు ఒత్తిడికి ఆరోగ్యం దెబ్బతింది. ఆనర్సు వదులుకుని 1844లో మామూలు డిగ్రీతో బయటపడ్డాడు. ఆ వరసలో ఆయన పేరు ఎక్కనే లేదు.

వరసలో తను నిలబడలేకపోయిన ఈ మనిషే తరవాత ప్రపంచమంతటినీ వరసలో నిలబెట్టే పనికి పూనుకున్నాడు. ఆయన మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది? కథలు రాసే అలవాటు కొద్దీ నాకలా తోచింది. అంతవరకే తీసుకోండి.

1869లో గాల్టన్ మేధాశక్తి వంశపారంపర్యంగా వస్తుందని ఒక పుస్తకం రాశాడు. అందులో ఒకానొక యేటి ట్రైపాస్ మార్కులు సంపాదించి అచ్చేశాడు. మొత్తం మార్కులు 17,000. సీనియర్ రాంగ్లర్‌కి 7,634. రెండోవాడికి 4,123. ఆనర్సులో ఆఖరువాడికి 237.

ఈ అంకెల్ని మరోసారి చూడండి. ఒకటో ర్యాంకుకీ రెండో ర్యాంకుకీ మధ్య ఒక్క మెట్టే కదా అనుకుంటాం. ఆ మెట్టు ఎత్తు 3,511 మార్కులు! మొదటివాడు రెండోవాడికి దాదాపు రెట్టింపు, ఆఖరువాడికి 32 రెట్లు. అదీగాక, దేశమంతా నెత్తిన పెట్టుకున్న ఆ మొదటివాడికి కూడా మొత్తంలో సగం మార్కులు రాలేదు! ర్యాంకు ఈ సంగతులేవీ చెప్పదు. గాల్టన్ ఇదంతా కళ్ళారా చూశాడు. చూసి కూడా, మనుషుల్ని కొలవడానికి వరసే మంచి సాధనమని తేల్చాడు.

ఎందుకంటారా? వరసలో ఒక సుఖం వుంది. 1875లో ఒక వ్యాసంలో ఆయన చెప్పిన మాట ఇది. ఏదో మారుమూల దేశానికి వెళ్ళారు, అక్కడి మనుషుల ఎత్తు తెలుసుకోవాలి. ఒక్కొక్కణ్ణీ పట్టుకుని కొలవనక్కర్లేదు. వాళ్ళ నాయకుణ్ణి అడిగి పొట్టి నుంచి పొడుగుదాకా వరసగా నిలబెట్టిస్తే చాలు. సరిగ్గా మధ్యనున్నవాణ్ణి కొలవండి, ఆ గుంపు సంగతి తెలుస్తుంది. ఇంకో ఒకరిద్దర్ని, పావు దూరంలో వున్నవాళ్ళని కొలిస్తే తేడాలెంతో కూడా తెలుస్తుంది. స్కూల్లో ప్రేయరుకి మనల్ని పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక అని నిలబెట్టేవారు కాదూ? ఆ వరస తలల మీదుగా ఒక గీత గీశారనుకోండి. ఆ వంపునే ఆయన ఓజైవ్ అన్నాడు. స్టాటిస్టిక్స్ చదువుకున్న చెల్లెళ్ళకి ఆ పేరు గుర్తుండే వుంటుంది.

తరవాత 1884లో లండనులో ఆరోగ్య ప్రదర్శన ఒకటి పెద్దయెత్తున జరిగింది. అందులో గాల్టన్ ఒక కొలతల శాల పెట్టాడు. పొడుగ్గా, సన్నగా, రైలుపెట్టె లాంటి గది. మనిషికి మూడు పెన్నీల టిక్కెట్టు. ఈ చివర లోపలికి వెళ్తే ఎత్తు, బరువు, వూపిరి బలం, పిడికిలి బిగువు, చూపు, వినికిడి అన్నీ కొలిచి, కాయితం చేతిలో పెట్టి ఆ చివరనుంచి పంపేవారు. డబ్బిచ్చి మరీ కొలిపించుకున్నవారు 9,337 మంది! మన తిరణాళ్ళలో బరువు చూసే మిషను దగ్గర జనం మూగినట్టే మూగారు కాబోలు.

అన్ని కొలతలు చేతిలో పడ్డాక 1885లో ఆయన వాటిని పట్టికలుగా వేశాడు. నూటికి అయిదుగురు ఇంతకంటే తక్కువ, నూటికి పదిమంది ఇంతకంటే తక్కువ, నూటికి యాభైమంది ఇంతకంటే తక్కువ అంటూ. ఆ మెట్లకి ఒక పేరు కావాలి గనక పర్సెంటైల్ అన్నాడు. మన పిల్లల కార్డుల మీదికెక్కిన మాట పుట్టింది అక్కడ. పిడికిలి బిగువులోంచి, వూపిరి బలంలోంచి!

ఆ శాలకి ఆడవాళ్ళు కూడా వెళ్ళారు. ఆడవాళ్ళ బలం లెక్క చూసి గాల్టన్ ఒక చమత్కారం రాశాడు. మహా బలవంతులైన ఆడవాళ్ళు లేకపోలేదుగాని చాలా అరుదట, మగవాళ్ళ మనశ్శాంతికి అది మంచిదేనట. చదివి నవ్వాను. ఆ నవ్వు ఎంతో సేపు నిలవలేదు. ఎందుకంటే, మనుషుల్లో మేలురకం వాళ్ళని ఏరి పెంచాలనే సిద్ధాంతానికి 1883లో యూజెనిక్స్ అని పేరు పెట్టింది కూడా ఈ పెద్దమనిషే. ఆయన పోయాక ఆ సిద్ధాంతం పేరుతో చాలా దేశాల్లో ఎందరో పేదవాళ్ళకీ, జబ్బుపడ్డవాళ్ళకీ పిల్లలు పుట్టకుండా బలవంతపు ఆపరేషన్లు చేశారు. జర్మనీలో నాజీలు ఇంకా ఘోరాలు చేశారు. వరసలో నిలబెట్టడం ఒక ఎత్తు. ఆఖరున నిలబడ్డవాణ్ణి అక్కర్లేదనుకోడం ఇంకొక ఎత్తు. మొదటి ఎత్తు మీద నిలబడ్డవాడికి రెండోది ఎంతో దూరంలో కనబడదేమో అని నాకు భయం.

సరే, మళ్ళీ కేంబ్రిడ్జికి వద్దాం. ఆడవాళ్ళ కథ అక్కడే వుంది.

1880లో గిర్టన్ కాలేజీలో షార్లెట్ ఆంగస్ స్కాట్ అనే అమ్మాయి ట్రైపాస్ పరీక్ష రాసింది. అప్పటికి ఆడపిల్లలకి ఆ పరీక్ష రాసే హక్కు లేదు. పరీక్షకులు దయతలిచి పేపరు చూసిపెట్టాలి. ఆ అమ్మాయికి వచ్చిన మార్కులు ఎనిమిదో స్థానానికి సమానం. వరస చదివేటప్పుడు ఆ పేరు చదవరు కదా. ఎనిమిదో పేరు దగ్గరికి రాగానే హాల్లోని విద్యార్థులు "గిర్టన్ స్కాట్!" అని కేకలు పెట్టారట. మగపిల్లలే. నాకా సంగతి చాలా యిష్టం. మర్నాటి యేడు, 1881లో, ఆడపిల్లలు పరీక్ష రాయడానికి విశ్వవిద్యాలయం వొప్పుకుంది. వరస మాత్రం వేరే చదువుతామంది. డిగ్రీ ఇవ్వమంది.

తరవాత 1890. న్యూన్హామ్ కాలేజీ విద్యార్థిని ఫిలిప్పా ఫాసెట్. ఆడవాళ్ళకి ఓటు హక్కు కోసం పోరాడిన మిలిసెంట్ ఫాసెట్ కూతురు. ఫలితాలు చదివే రోజున ముందు మగవాళ్ళ వరసంతా చదివేశారు. ఆ తరవాత ఆడవాళ్ళది. ఒక్కొక్కరి పేరు చెప్పి, మగవాళ్ళ వరసలో ఎన్నో స్థానానికీ ఎన్నో స్థానానికీ మధ్య వచ్చిందో చెప్పాలి. ఫిలిప్పా పేరు దగ్గరికొచ్చేసరికి చదివేవాడు అన్నది ఇది: సీనియర్ రాంగ్లర్‌కి పైన. చప్పట్లతో, కేకలతో హాలు దద్దరిల్లిపోయింది.

మొదటివాడికి పైన! ఆ స్థానానికి అంకె ఏది? ఆవిడ వెనకాల వరసంతా వుంది. ఆవిడ మాత్రం వరసలో లేదు. ఆ యేడు సీనియర్ రాంగ్లర్ బిరుదు జి.టి. బెన్నెట్ అనే కుర్రవాడికే వెళ్ళింది. అతని పర్సెంటైల్ లెక్క వేస్తే అతని ముందు ఎవరూ లేనట్టే. ఎంత గొప్ప లెక్కైనా, లెక్కలోకి ఎవర్ని రానిచ్చారన్న దాని మీద ఆధారపడుతుంది. కంప్యూటరుకి 40 పేర్లు ఇస్తే 40 మందినే లెక్కవేస్తుంది. 41వ పిల్ల గుమ్మం బయట నిలబడివుందని దానికెలా తెలుస్తుంది?

1897లో ఆడవాళ్ళకి డిగ్రీలివ్వాలా వద్దా అని కేంబ్రిడ్జిలో ఓట్లు వేశారు. సైకిలు మీద కూర్చున్న అమ్మాయి బొమ్మని చేసి, వీధిలో వేలాడగట్టి గోల చేశారు మగపిల్లలు. పదిహేడేళ్ళ కిందట స్కాట్ పేరు కేకవేసిన హాలు వున్న వూళ్ళోనే! తీర్మానం ఓడిపోయింది. ఆఖరికి ఆడవాళ్ళకి అక్కడ డిగ్రీలు వచ్చింది 1948లో. ఆ అనుమతికి రాజముద్ర పడిన కొద్ది వారాలకి, ఆ యేడు జూన్ 10న, ఫిలిప్పా ఫాసెట్ కన్నుమూశారు. అప్పటికి ఆవిడకి 80 ఏళ్ళు. మధ్యలో ఆవిడ వూరుకోలేదు. న్యూన్హామ్‌లో పాఠాలు చెప్పారు, దక్షిణాఫ్రికా వెళ్ళి స్కూళ్ళు పెట్టడంలో పనిచేశారు, తరవాత లండను విద్యాశాఖలో 1934 దాకా వుద్యోగం చేశారు. వరసలో చోటివ్వనివాళ్ళ కోసం ఆగిపోలేదు.

మనవాళ్ళ మాట కూడా చెప్పాలి. 1899లో సీనియర్ రాంగ్లర్ అయిన రఘునాథ పురుషోత్తమ పరాంజపే మన దేశంవాడు, మరాఠీవాడు. ఆ గౌరవం దక్కిన మొదటి భారతీయుడు. 'చష్మే బద్దూర్' సినిమా తీసిన సాయి పరాంజపే ఆయన మనవరాలే. ఆ యేడు ఒక చిక్కొచ్చింది. బర్ట్‌విజిల్ అనే ఇంగ్లీషు కుర్రవాడూ ఈయనా సమానమని తేలింది. ఏం చేశారు? ఇద్దర్నీ ఒకే బ్రాకెట్లో పెట్టి ఇద్దర్నీ సీనియర్ రాంగ్లర్లన్నారు. ఇద్దరికీ ఫస్టు ఇచ్చినా తప్పులేదు, ఇద్దరికీ ఒకటిన్నర ఇచ్చినా తప్పులేదు. ఎలా ఇస్తున్నామన్నది ముందు చెప్పాలి, అంతే.

ఇంకో పదేళ్ళకి, 1909లో, కేంబ్రిడ్జి ఆ వరస చదవడమే మానేసింది. ఆ తరవాత తరగతులుగా విడదీసి, ఒక్కో తరగతిలో పేర్లు అక్షరక్రమంలో వెయ్యడం మొదలుపెట్టారు. సీనియర్ రాంగ్లర్‌తో పాటు కొయ్య చెంచా కూడా వెళ్ళిపోయింది. పుట్టింట్లో వరస పోయింది. మన యింట్లోకొచ్చి కూర్చుంది!

అన్యాయంగా మాట్లాడకూడదు. పర్సెంటైల్ నిజంగా వుపయోగపడే చోటు వుంది. జేఈఈ మెయిన్ పరీక్ష 2019 నుంచీ చాలా పూటలుగా పెడుతున్నారు. ఒక్కో పూట ఒక్కో ప్రశ్నపత్రం. సోమవారం పొద్దున పేపరు కష్టంగా వచ్చి, మంగళవారం సాయంత్రం పేపరు తేలిగ్గా వస్తే మార్కులు పక్కపక్కన పెట్టి పోల్చడం ధర్మమా? అందుకని ఏ పూట రాసినవాళ్ళని ఆ పూటవాళ్ళతోనే వరసలో నిలబెట్టి పర్సెంటైల్ కడతారు. వాడితో సమానంగా గాని, వాడికంటే తక్కువగా గాని వచ్చినవాళ్ళెందరో లెక్కపెట్టి నూటికి వేస్తారు. అందుచేత ప్రతి పూటా మొదట వచ్చినవాడికి సరిగ్గా నూరు వస్తుంది. సమానంగా వచ్చేవాళ్ళు తగ్గాలని చుక్క తరవాత ఏడు అంకెలు వేస్తారు. ఏడు అంకెలు! మా యింట్లో బంగారం తూచినప్పుడు కూడా అన్ని చూడలేదు.

ఇప్పుడు మళ్ళీ మా భోజనాల బల్ల దగ్గరికి రండి. ఆ నాలుగు అంకెల గుట్టు మాధురి నాకు బిందెలతోనే చెప్పింది.

బి గ్రేడు పిల్ల కంటే తక్కువ వచ్చినవాళ్ళు సి 12, డి 6, మొత్తం 18. తనతో సమానమైనవాళ్ళు తనతో కలిపి 14. సమానంగా వున్నవాళ్ళని వెనకాల వున్నట్టు లెక్క వెయ్యాలా వద్దా అన్నదే తగువంతా. వద్దంటే 40కి 18, అంటే 45. సైపైలో దీని పేరు స్ట్రిక్ట్. అందర్నీ వెయ్యాలంటే 40కి 32, అంటే 80. దాని పేరు వీక్. జేఈఈ వాళ్ళ పద్ధతి అదే. సగం మందిని వేద్దామంటే 18కి 7 కలిపి 25, అంటే 62.5. దాని పేరు మీన్. 19 నుంచి 32 వరకూ వున్న స్థానాలన్నిటికీ సగటు తీసి 25.5 అంటే 63.75. దాని పేరు ర్యాంక్. మనం ఏమీ చెప్పకపోతే సైపై ఈ ఆఖరుదే వాడుతుందట.

"నాలుగూ సరైనవేనా?" అన్నాను.

"నాలుగూ సరైనవే. ప్రశ్నలే వేరు. మార్కులైతే ఇంత తేడా రాదు పిన్నీ, సమానంగా వచ్చేవాళ్ళు ఇద్దరో ముగ్గురో వుంటారు. గ్రేడులు కదా, 14 మందిని ఒకే బుట్టలో వేసేశాం. బుట్ట ఎంత పెద్దదైతే తగువు అంత పెద్దది."

అప్పుడు ఆఖరున వున్న డి పిల్లల గడి చూపించింది. స్ట్రిక్ట్ పద్ధతిలో ఆ ఆరుగురికీ వచ్చింది సున్న. వెనకాల ఎవరూ లేరు కదా! వీక్ పద్ధతిలో 15. మీన్ పద్ధతిలో 7.5. యాజమాన్యం వారు పంపిన నమూనాలో వున్నది స్ట్రిక్ట్ పద్ధతేనట. అంటే ఆ ఆరుగురు పిల్లలూ సున్న అచ్చేసిన కార్డు పట్టుకుని ఇంటికి వెళ్ళాలి. వాళ్ళు పరీక్ష రాశారు. ఏవో కొన్ని జవాబులు సరిగ్గానే రాశారు. అందులో ఒకమ్మాయి ఈ యేడే తెలుగు మీడియం నుంచి వచ్చి చేరిందట. తల్లి ఆ కార్డు చూసి సున్న అంటే సున్న మార్కులనే కదా అనుకుంటుంది! పర్సెంటుకీ పర్సెంటైల్‌కీ తేడా చెప్పడానికి ఆవిడ యింటికి ఎవరు వెళ్తారు?

నాకు కొయ్య చెంచా గుర్తొచ్చింది. గ్యాలరీలోంచి తాడు కట్టి దింపే చెంచా. ఇక్కడ గ్యాలరీ లేదు, తాడు లేదు, నవ్వేవాళ్ళూ లేరు. ఒక్క మాట టైపు చేస్తే చాలు, ఆరు చెంచాలు దిగుతాయి.

"వాళ్ళందరూ బాగా చదివితే పై యేడు పెరగదూ?" అన్నాను ఆశగా.

మాధురి తల అడ్డంగా వూపింది. మీన్ పద్ధతిలో క్లాసు మొత్తానికి సగటు ఎప్పుడూ 50 ట. ఎ వాళ్ళకి 90, బి వాళ్ళకి 62.5, సి వాళ్ళకి 30, డి వాళ్ళకి 7.5. అందరివీ కలిపి 40తో భాగించి చూపించింది. సరిగ్గా 50! క్లాసంతా రెట్టింపు చదివినా 50, క్లాసంతా పుస్తకం మూసేసినా 50. ఒకరు ఒక మెట్టు ఎక్కాలంటే ఇంకొకరు దిగాలి. ఇది మా బి.ఏ. బుర్రకి ఎక్కడానికి కొంచెం సేపు పట్టింది. ఎక్కాక మాత్రం దిగడంలేదు. పిల్లలు ఈ యేడు ఏం నేర్చుకున్నారో తెలుసుకోవాలనుకునే తల్లికి ఈ అంకె ఏ జవాబూ చెప్పదు.

మాధురి చాలా సేపు కూర్చుని ఆలోచించింది. కొత్త వుద్యోగం, యాజమాన్యం మాట కాదనడానికి భయం. అయినా హెడ్‌మిస్ట్రెస్‌కి ఫోను చేసింది. సున్న ఎందుకొస్తుందో చెప్పింది. ఆవిడ మొదట "నమూనా మార్చడానికి మనమెవరమమ్మా" అన్నారట. ఇది ఆ తెలుగు మీడియం అమ్మాయి సంగతి చెప్పింది. అవతల కాసేపు మాటలేదు. తరవాత, "సరే, సగం లెక్క వెయ్యి. ఎలా వేశావో కార్డు కింద రాయి" అన్నారట.

అలాగే రాసింది. "సమాన గ్రేడు వచ్చినవారిలో సగంమందిని కలిపి వేసిన లెక్క. ఇది మార్కుల శాతం కాదు." రెండే వాక్యాలు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. ఆరు కార్డులకి మాత్రం చేత్తో ఇంకో వరుస రాసింది. ఒకడికి భిన్నాలు బాగా వచ్చాయని, ఒకమ్మాయి చేతిరాత కుదిరిందని. ఆ తెలుగు మీడియం అమ్మాయికి ఏం రాసిందో నేను చూడలేదు. చెయ్యి అడ్డం పెట్టుకుంది.

7.5 మాత్రం పెద్ద అంకా, మీరడగొచ్చు. కాదు. దానితో ఎవరి కష్టమూ తీరదు. అయినా సున్న కాదు గదా! నేను కూడా ఒకప్పుడు క్లాసులో 31వ ర్యాంకు కార్డు పట్టుకుని, నాన్నగారి సంతకం కోసం వరండాలో గంటసేపు నిలబడినదాన్నే. ఆ గంటలో ర్యాంకు మారలేదు. నాన్నగారు సంతకం చేసి, "ఈసారి కథల పుస్తకాలు కొంచెం తగ్గించమ్మా" అన్నారు. తగ్గించలేదు. అందుకే ఇవాళ మీతో మాట్లాడగలుగుతున్నాను.

మాధురి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "అయితే పిన్నీ, నీ నవలలన్నిటికీ పర్సెంటైల్ కట్టనా?" అంది నవ్వుతూ.

"మీన్ పద్ధతిలో కట్టు" అన్నాను. "వీధిలో వాళ్ళకి చెప్పకు."

చిక్కుడుకాయ కూర మాత్రం బాగా కుదిరింది. అది రెండుసార్లు వడ్డించుకుంది.